లాభం గడి

మెల్‌కాట్ టౌన్ కౌన్సిల్, మూడో అంతస్తు,
కిటికీ పక్క బల్ల నాది.
నాకిచ్చిన కాగితంలో రెండే గళ్ళు.
ఖర్చు గడి అరగంటలో నిండిపోయింది:
పూడికతీత, ఇటుక, ఓక్ దుంగలు,
రెండు వంతెనలు పైకెత్తడం, లాయర్ల ఫీజు,
బురదలోంచి ఎవరిదో కారు లాగిన క్రేను అద్దె.

లాభం గడి దగ్గర పెన్ను ఆగింది.
పైనుంచి ఈమెయిలు:
పెట్టిన పౌండుకి ఎంత తిరిగొస్తుందో చెప్పండి, చాలు.

చాలా?
గొడుగు తీసుకుని కిందికి దిగాను.

అరవై ఏళ్ళు ఇది కాలవ కాదు, పల్లం.
రైలొచ్చి బొగ్గు పడవల్ని తరిమింది,
తర్వాత రైలూ పోయింది.
ఊరంతా దీనికి వీపు పెట్టి ఇళ్ళు కట్టుకుంది.
ముళ్ళపొదలు, దురదగొండి,
చక్రం లేని తోపుడుబండి,
ఎవరూ అడగని పరుపులు.

ఇప్పుడు నీళ్ళున్నాయి.
ఆకుపచ్చ పడవ ఒకటి లాకులో నిలబడి
మెల్లగా, లిఫ్టులో ముసలాయనలా, పైకి వస్తోంది.

లాకు.
మా ఆత్రేయపురం వైపు బస్సు కండక్టరుతో
'లాకుల దగ్గర దింపు బాబూ' అనేవాళ్ళం.
ఆ మాట పరాయిదని ఎన్నడూ తోచలేదు.
ఇక్కడ మొదటిసారి విన్నప్పుడు
వీళ్ళకి మన మాట ఎలా తెలుసా అనుకున్నాను.

లాకు నిండడానికి పన్నెండు నిమిషాలు.
ఆలోపు మనిషికి ఆకలేస్తుంది.
నాకు తెలిసిన ఆర్థికశాస్త్రం అంతే.
బైపాస్ రోడ్డు మీద డబ్బు
గంటకి డెబ్భై మైళ్ళ వేగంతో మా ఊరిని దాటిపోయేది,
అద్దం కూడా దించకుండా.
కాలవ మీద మూడు మైళ్ళు.
నడిచే కుక్క కన్నా నెమ్మది.
అలాంటి డబ్బు ఎక్కడికని పారిపోతుంది?

గట్టు మీద నెరిస్ టిల్‌స్టన్ టీ కొట్టు.
నాలుగు బల్లలతో మొదలుపెట్టింది, ఇప్పుడు పదకొండు.
రొట్టెలు చేయడానికి ఇద్దరు,
శనివారాలకి ఒక కుర్రాడు, వాడికిదే మొదటి జీతం.
పక్కన మూతబడ్డ తోలు గోదాములో
పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు.
పడవల వాళ్ళు బొగ్గు కొంటారు, ఉల్లిపాయలు కొంటారు,
వాన పడితే పబ్బులో రెండో గ్లాసు కొంటారు.
ఇక్కడ వాన పడని రోజేది?
అన్నీ రాసుకున్నాను. వానని కూడా.

రెండో లాకు తలుపు దగ్గర
ఐవర్ ప్రాసర్ గ్రీజు పూస్తున్నాడు.
ఇరవై రెండేళ్ళ ఆదివారాలు ఈ పల్లంలో బురద తవ్వాడు,
ఎవరూ జీతమివ్వకుండా, ఎవరూ రమ్మనకుండా.
తలుపు సందులోంచి నీళ్ళు కారుతున్నాయి.
'కారుతోంది' అన్నాను.
'కాస్త కారాలి. కర్ర తడిగా ఉంటేనే బిగుసుకుంటుంది.
ఎండితే పగులుతుంది' అన్నాడు.

తర్వాత జేబులోంచి ఉత్తరం తీశాడు.
పల్లం పక్కన కాబట్టి చవగ్గా దొరికిన గది.
ఇప్పుడది నీటి ముఖం గల గదట.
నెలకి నూట నలభై పౌండ్లు ఎక్కువ, వచ్చే జూన్ నుంచి.
నవ్వాడు. నేను నవ్వలేదు.
ఎవరు తీసిన గోతిలో వాళ్ళే అని
మా భాషలో ఒక సామెత ఉంది.
అది చెడ్డవాళ్ళ కోసం కట్టిన సామెత.
ఐవర్‌కి చెప్పలేదు.

బల్ల దగ్గరికి తిరిగొచ్చాను, పాదాలు తడి.
లెక్క ప్రకారం ఆ నూట నలభై
లాభం గడిలోనే పడాలి,
'ఆస్తుల విలువలో పెరుగుదల' అని పేరు పెట్టుకుని.
నెరిస్ బల్లల పక్కన, కుర్రాడి మొదటి జీతం పక్కన,
మంచి బట్టలేసుకుని కూర్చోవాలి.

మొత్తం కూడాను. పౌండుకి రెండున్నర.
అబద్ధం కాదు. ఈ ఊరు మళ్ళీ నీళ్ళవైపు తిరుగుతోంది,
ఒక్కో ఇల్లూ పెరటిగోడకి కిటికీ కొట్టించుకుంటూ.

అప్పుడు కర్సర్ వెనక్కి జరిపి ఖర్చు గడిలో రాశాను:
ఐవర్ ప్రాసర్, పన్నెండో నంబరు గది, నెలకి నూట నలభై.
ఏ పద్దు కింద? అని సాఫ్ట్‌వేరు అడిగింది.
పద్దు లేనిదే ముందుకి పోనివ్వదు.

కింద ఎవరో హారన్ కొట్టారు.
లాకులోకి ఇంకో పడవ వస్తోంది.
పన్నెండు నిమిషాలు ఉంది నాకు.